అంతర్జాతీయ విందుకు పులిహోర సరిపోతుందా?

ప్రశ్న:
నేను హైదరాబాదు నుంచి ఒక సెమిస్టరు చదువు కోసం జర్మనీకి వచ్చిన విద్యార్థినిని. విదేశీ విద్యార్థులందరూ తమ ఇంటి వంటలు తెచ్చి పెట్టే విందు వచ్చే శుక్రవారం మా విశ్వవిద్యాలయంలో జరగనున్నది. నా వంతుగా 40 మంది రుచి చూసేంత వంటకం తీసుకువెళ్లాలి. హైదరాబాదు అనగానే అందరూ బిర్యానీయే అడుగుతున్నారు గానీ, 10 మందితో పంచుకునే హాస్టలు వంటగదిలో అంత బిర్యానీ దమ్ వేయడం నా వల్ల అయ్యే పని కాదు. అందుకే పులిహోర చేద్దామనుకుంటున్నాను. మధ్యాహ్నం 2 గంటలకు వండితే విందు 6 గంటలకు మొదలవుతుంది. అన్నం అంతసేపు బాగుంటుందా? ఎంత బియ్యం పొయ్యాలి? పదార్థాల చీటీలో ఏమేమి రాయాలి?

మొదటి సమాధానం:
నెదర్లాండ్స్‌లో ఇటువంటి విందుకే నేను 3 కిలోల బియ్యంతో పులిహోర కలిపి, సగానికి పైగా గదికి తిరిగి మోసుకువచ్చాను. అన్ని దేశాల వంటలున్న బల్ల దగ్గర ఎవరూ ఒకే వంటకాన్ని కడుపునిండా తినరు. కిలో బియ్యానికి రెండున్నర కిలోలకు తగ్గకుండా అన్నం అవుతుంది కనుక మీకు కిలోన్నర బియ్యం, 150 గ్రాముల చింతపండు చాలు.

నిలవ విషయంలో మాత్రం, పులుపు ఉంది కదా అని ధీమాగా ఉండకండి. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు అన్నం ఉడికినా చావవు. గోరువెచ్చగా గంటల తరబడి ఉంచితే అవి పెరిగి విషం వదులుతాయి, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. మన అమ్మమ్మలు అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో ఆరబోసి, పసుపు, నూనె కలిపే పద్ధతి మెతుకు విడివడడానికే అయినా, అన్నం త్వరగా చల్లారడానికీ పనికివస్తుంది. పులుసు గుజ్జును ముందురోజే కాచి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, అన్నం 4 గంటలకు వండి, 5 గంటలకు కలపండి.

రెండవ సమాధానం:
చీటీ గురించి చెబుతాను. ఐరోపా సమాఖ్య నియమాల ప్రకారం ఆహారంలో ప్రకటించవలసిన ఎలర్జీ పదార్థాలు 14 రకాలు. మన పులిహోర చూడడానికి అమాయకంగా ఉంటుంది గానీ వేరుశనగ, ఆవాలు, నువ్వులు అనే మూడింటిని మోసుకువస్తుంది. జీడిపప్పు వేస్తే నాలుగు. (మా చెల్లెలు ఉండే అమెరికాలో ఇటువంటి జాబితాలో ఆవాలు లేవు, నువ్వులు 2023లోనే చేరాయి.) అందరూ మరచిపోయేది ఇంగువ: డబ్బాలో దొరికే ఇంగువలో తరచుగా గోధుమ పిండి కలుపుతారు, కాబట్టి గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ పడనివారికి అది ముప్పు. పల్లీలను వేయించి వేరే గిన్నెలో, వేరే చెంచాతో పెట్టండి.

మూడవ సమాధానం:
బిర్యానీ అడిగేవారిని పట్టించుకోకండి. దాన్ని వారు ఏ భారతీయ హోటల్లోనైనా తింటారు. పులిహోర పక్కన చిన్న గిన్నెడు ఎర్ర గోంగూర పచ్చడి పెట్టమని నా సలహా. మా విందులో బర్మా విద్యార్థిని ఒక్క ముద్ద తిని, ఇది మా చిన్‌బావుంగ్ ఆకే అని కేక వేసింది. ఆ మొక్క పూల రక్షక పత్రాలతోనే సెనెగల్ వారు బిస్సాప్, మెక్సికో వారు హమైకా అనే పానీయాలు కాస్తారు. జర్మన్లు తాగే ఎర్రటి మందార టీ కూడా అదే. ఆ రోజు మా బల్ల దగ్గర అరగంట సేపు ఈ ఆకు తప్ప వేరే మాట లేదు. కారం మాత్రం సగానికి తగ్గించండి.

ప్రశ్న అడిగినవారు:
ముగ్గురికీ ధన్యవాదాలు. ఇప్పుడే నా ఇంగువ డబ్బా తిప్పి చూశాను. గోధుమ పిండి ఉన్నది. ఈసారికి ఇంగువ లేకుండానే తాలింపు వేస్తాను, ఈ సంగతి మా అమ్మకు చెప్పను. శీతలీకరించిన గోంగూర ఇక్కడి భారతీయ దుకాణంలో ఉందట, రేపు వెళ్తున్నాను.