థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు స్లిప్పరీ ఎల్మ్ బెరడు పొడి తాగొచ్చా?

మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట. అమ్మకు ఎసిడిటీ. రాత్రి పడుకుంటే గొంతులోకి మంట ఎగదన్నుతోంది. అమెరికా నుంచి అక్క స్లిప్పరీ ఎల్మ్ చెట్టు లోబెరడు పొడి పంపింది. వేడినీళ్లలో ఒక చెంచా కలిపితే చాలు, బెండకాయ జిగురులా సాగుతోంది. ఆ జిగురే గొంతుకీ పొట్టకీ పూతలా పట్టి మంట తగ్గిస్తుందట. అక్కడి ఆదివాసులు జావ కాచుకుని తినేవారట కూడా.

కానీ ఆ జిగురు వల్ల మాత్రలు ఒంటికి సరిగ్గా పట్టకపోవచ్చని చదివాక టెన్షన్ పట్టుకుంది. అమ్మ రోజూ పరగడుపునే థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది. రెండింటికీ ఎన్ని గంటల ఎడం ఉండాలి? చోడి అంబలిలో కలిపి ఇవ్వొచ్చా? పక్కింటి పిన్నిగారు మన నెమలినార బెరడు కాచి ఇమ్మంటున్నారు. ఒకే కుటుంబం చెట్టయినా అది వేరే మందు, నాకు ధైర్యం చాలడం లేదు. వాడినవాళ్లు, డాక్టర్లు దయచేసి చెప్పండి.