అంబాసిడర్ వెనుక భాగం మలుపుల్లో ఊగుతోంది

ప్రశ్న: మాది రాయగడ. నాన్నగారి 1984 అంబాసిడర్‌ను ప్రాణంగా చూసుకుంటున్నాను. కొరాపుట్ ఘాట్ మలుపుల్లో వెనుక భాగం పక్కకు ఊగుతోంది. కమాను కట్టలకు (బరువు మోసే ఉక్కు పట్టీల దొంతరలకు) ఇంకొక పట్టీ వేయించమంటారా?

జవాబు: వద్దండి. పట్టీ పెంచితే ఖాళీ బండి గతుకుల్లో ఎగిరిపడుతుంది. వెనుక ఇరుసును పట్టి ఉంచేవి ఆ కమానులే. కమాను చివరను బండికి కలిపే షాకిల్‌లోని రబ్బరు బుష్‌లు అరిగితే ఇరుసే పక్కకు తిరుగుతుంది. ముందు అవి చూడండి.

జయపురం నుంచి: ఇరుసును కమానులకు బిగించే యూ బోల్టులూ చూడండి, మా బండికి అవే వదులయ్యాయి. రబ్బరు బుష్‌ల బోల్టులను బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే బిగించాలి. జాకీ మీద బిగిస్తే రబ్బరు మెలితిరిగి త్వరగా చిరుగుతుంది.

అడిగినవారు: కింద పడుకుని టార్చి వేశాను. ఎడమ బుష్ రబ్బరు నల్లటి పొడిగా వేలికి అంటింది. ఇనుము రాసుకున్న చోట మెరుస్తోంది. రెండు వైపులా మారుస్తున్నాను.