పంటు మీది క్రేన్ బూమ్ దానంతటదే దిగుతోంది, సీలు పోయిందా? వాల్వా?

సాగర్ పంటు డ్రైవర్

అన్నలకు నమస్తే. మాది దేవరకొండ వైపు. నాగార్జున సాగర్ వెనక నీళ్లలో ఒక చిన్న కాంట్రాక్టరు దగ్గర పంటు (నీళ్ల మీద తేలే బల్లకట్టు) మీద క్రేన్ నడుపుతున్నాను. ఎత్తిపోతల మోటార్లు, పైపులు దించడం, పైకి తీయడం, పంటు కదలకుండా వేసే కాంక్రీటు దిమ్మెలను ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చడం మా పని. క్రేన్ కొత్తది కాదు. గుజరాత్ అలంగ్‌లో విరగ్గొట్టిన ఏదో ఓడ డెక్ మీద నుంచి దింపిందని చెప్పి అమ్మారు. మడత బూమ్ (బరువెత్తే చెయ్యి), 3 టన్నులది, మొత్తం హైడ్రాలిక్.

లోడ్ ఎత్తి లీవర్ వదిలేశాక బూమ్ మెల్లమెల్లగా కిందికి దిగుతోంది. మొన్న 600 కిలోల మోటారు ఎత్తి, ఇంజిన్ ఆపి టీ తాగొచ్చేసరికి జానెడు దిగింది. పది నిమిషాలు కూడా కాలేదు. బయట ఎక్కడా ఆయిల్ కారడం లేదు, హోస్ పైపులు పొడిగానే ఉన్నాయి. మా సేటు "సీల్ కిట్ మార్చెయ్, ఐపోతది" అంటున్నాడు. వచ్చే వారం నాలుగు మోటార్లు దించాలి, రైతుల దగ్గర అడ్వాన్సు కూడా తీసుకున్నాడు. ఏం చేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

నల్లగొండ జేసీబీ మెకానిక్

తమ్మీ, ఇది చాలా మామూలు కంప్లైంటు. నా దగ్గరికి వారానికి రెండు బండ్లు ఇదే బాధతో వస్తాయి. పిస్టన్ సీల్, అదే సిలిండర్ లోపల ఆయిల్ జారకుండా ఆపే రింగు, అరిగింది. సిలిండర్ దింపి రాణిగంజ్‌లో సైజు చూపిస్తే కిట్ దొరుకుతుంది. అప్పటిదాకా పని నడవాలంటే రిలీఫ్ వాల్వ్ (పంపు ప్రెషర్ హద్దు దాటకుండా ఆపేది) స్క్రూ రెండు చుట్లు బిగించు, పవర్ పెరుగుతుంది.

మిర్యాలగూడ పాత డెక్ ఫిట్టర్

మెకానిక్ తమ్ముడికి కోపం రావద్దు గానీ, ఆ స్క్రూ ముట్టుకోవద్దు. నేను ఓడల మీద డెక్ మెషినరీ చూసినవాణ్ని, ఇప్పుడు ఇంటి పట్టునే ఉంటున్నా.

ఒక్క మాట ఆలోచించండి. ఇంజిన్ ఆపాక కూడా బూమ్ దిగుతోందని చెబుతున్నాడు. ఇంజిన్ ఆగితే పంపు లేదు, పంపు లేకపోతే రిలీఫ్ వాల్వ్‌కు పనే లేదు. అది బిగించినంత మాత్రాన దిగడం ఆగదు. 3 టన్నులకు పంపు "ఇక చాలు" అనాల్సిన చోట నాలుగు టన్నులు కూడా లేపుతుంది, అంతే. అప్పుడు వంగేది బూమ్, తెగేది అడుగు బోల్టు.

ఇంకోటి. లోడ్ గాల్లో ఉంచి టీకి వెళ్లడమేంటి తమ్ముడూ? లోడ్ వేలాడుతుంటే డ్రైవర్ చెయ్యి లీవర్ల దగ్గరే ఉండాలి. ఈ రోజు జానెడు దిగింది. అదే సమయంలో హోస్ పగిలి, హోల్డింగ్ వాల్వ్ కూడా పట్టకపోతే జానెడుతో ఆగదు.

ఇక అసలు విషయం. బూమ్ జాక్ (బూమ్‌ను లేపే సిలిండర్) అడుగున, హోస్ కలిసే చోట ఇనుప దిమ్మె లాంటిది బిగించి ఉంటుంది చూడు. అదే హోల్డింగ్ వాల్వ్, కొందరు లాక్ వాల్వ్ అంటారు. నువ్వు లీవర్ వదిలాక జాక్‌లోని ఆయిల్‌ను బయటికి పోకుండా పట్టుకునేది అదే. అందులో చిన్న చెత్త ఇరుక్కున్నా బూమ్ దిగుతుంది. పిస్టన్ సీల్ పోయినా దిగుతుంది. రెండూ బయటికి ఒకేలా కనబడతాయి. అందుకే డబ్బులు పెట్టి సీలు మార్చి, మళ్లీ దిగితే నెత్తి పట్టుకుంటారు.

ముందు మూడు విషయాలు చెప్పు. ఆయిల్ ఏ రంగులో ఉంది? ట్యాంకు మూతకు గాలి ఫిల్టర్ ఉందా? ఈ మధ్య ఏదైనా హోస్ మార్చారా?

సాగర్ పంటు డ్రైవర్

పెద్దాయనా, టీ సంగతి తప్పే, ఒప్పుకుంటున్నా. గాజు కొలతలో ఆయిల్ చూస్తే పాలు కలిపిన టీలా ఉంది. ట్యాంకు మూత ఎప్పుడో విరిగిపోయిందట, మా ముందువాడు గుడ్డ కుక్కి పెట్టాడు. నేను వచ్చినప్పటి నుంచీ అట్లే ఉంది. హోస్ మాత్రం రెండు నెలల కింద నేనే మార్చాను, జాక్ దగ్గరదే.

మిర్యాలగూడ పాత డెక్ ఫిట్టర్

సగం జవాబు నువ్వే చెప్పావు. ఆ రంగు వచ్చిందంటే నీళ్లు కలిశాయి. నమ్మకం కుదరకపోతే ఒక పాత ఇనుప రేకును బాగా వేడి చేసి, దూరంగా నిలబడి రెండు చుక్కలు వెయ్యి. కంటికి అద్దాలు పెట్టుకో. చిటపటలాడితే నీళ్లున్నట్టే. మంచి ఆయిల్ చప్పుడు చేయదు, పొగ వస్తుందంతే. ఇంట్లో దోసె పెనం మాత్రం వాడకు.

గుడ్డ కుక్కిన మూత అంటే తలుపు లేని ఇల్లు. పగలు ఆయిల్ వేడెక్కి వ్యాకోచిస్తుంది, రాత్రి చల్లబడి కుంచించుకుపోతుంది. ప్రతి రాత్రీ ట్యాంకు ఊపిరి పీల్చినట్టు బయటి గాలిని లాక్కుంటుంది. మీరుండేది నీళ్ల మీద. ఆ తేమంతా లోపలి గోడలకు పట్టి చుక్కలుగా దిగుతుంది. నీళ్లు బరువు కాబట్టి రాత్రంతా అడుగుకు చేరతాయి. అందుకే పొద్దున ఇంజిన్ స్టార్ట్ చేయకముందే అడుగు ప్లగ్గు కొంచెం వదులు చేసి చూడాలి. స్టార్ట్ చేశావంటే మళ్లీ కలిసిపోతాయి.

ఇప్పుడు చేయాల్సింది ఇది. బూమ్‌ను దాని ఆనుడు మీద పూర్తిగా కూర్చోబెట్టు. ఇంజిన్ ఆపు. లీవర్లన్నీ అటూ ఇటూ ఆడించి లైన్లలో ఉన్న ప్రెషర్ వదిలించు. జాక్ మీద బరువేమీ లేదని కళ్లతో చూసుకున్నాకే, కూర్చుని ఓపిగ్గా హోల్డింగ్ వాల్వ్ కార్ట్రిడ్జ్ (దిమ్మెలో బిగించిన లోపలి భాగం) విప్పు. బూమ్ గాల్లో ఉండగా దాన్ని వదులు చేశావంటే, జాక్‌ను పట్టుకున్న ఒక్క తాళాన్నీ నువ్వే తీసినట్టు.

దాని మీద ఒక సెట్టింగ్ స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పొద్దు. కొన్ని కంపెనీల వాటిలో ఆ స్క్రూ మామూలు రిలీఫ్‌కు ఉల్టాగా పనిచేస్తుంది. కుడివైపు తిప్పితే బిగుస్తుందనుకుంటాం, అది లోడ్‌ను వదిలేస్తుంది. శుభ్రం చెయ్యి, ఓ-రింగులు చూడు, మళ్లీ పెట్టు, అంతే.

సీలు సంగతి ఆ తర్వాత. వాల్వ్ శుభ్రం చేశాక కూడా దిగితే అప్పుడు రాడ్ (జాక్‌లోంచి బయటికి వచ్చే కడ్డీ) వైపు హోస్ తీసి చూసే పరీక్ష ఒకటుంది. హుక్ ఖాళీగా పెట్టి, జాక్‌ను చివరిదాకా లేపి, రాడ్ వైపు హోస్ విప్పి దానికి మూత బిగించి, మళ్లీ "పైకి" లీవర్ నొక్కితే, ఆ రంధ్రంలోంచి ఆయిల్ ఆగకుండా కారితే సీలు పోయినట్టే. కానీ ఆ సమయంలో "కిందికి" లీవర్‌ను ఎవరూ తాకకూడదు. హోల్డింగ్ వాల్వ్‌ను తెరిచే సంకేతం ఆ రాడ్ వైపు లైన్ నుంచే వస్తుంది. మూత పెట్టిన హోస్‌లో ప్రెషర్ నిండితే వాల్వ్ తెరుచుకుని బూమ్ పడుతుంది. నీకు ఇది కొత్త అయితే ఒంటరిగా చేయకు, మెకానిక్ తమ్ముణ్ని పిలిపించుకో.

ఒక చిన్న మాట: ఆయిల్ చల్లబడ్డా బూమ్ కొంచెం దిగుతుంది, అది రోగం కాదు. మీటరు పొడవు ఆయిల్ ఇరవై డిగ్రీలు చల్లబడితే సుమారు ఒకటిన్నర సెంటీమీటరు తగ్గుతుంది. అది గంటల మీద జరిగేది. పది నిమిషాల్లో జానెడు అనేది వేరే కథ.

నల్లగొండ జేసీబీ మెకానిక్

పెద్దాయన చెప్పింది నిజమే. నా అనుభవమంతా భూమ్మీది బండ్లతో. రిలీఫ్ మాట వెనక్కి తీసుకుంటున్నా. ఒకటి మాత్రం నేనూ చెప్తా: సన్నటి లీకు ఎక్కడుందో వెతకడానికి చెయ్యి పెట్టొద్దు. మా దగ్గర ఒకతను చూపుడు వేలితో హోస్ మీద రాసి చూశాడు. సూది గుచ్చినంత చుక్క కనబడింది, నొప్పి కూడా లేదన్నాడు. సాయంత్రానికి వేలు వంకాయలా వాచింది. ఆయిల్ చర్మం కిందికి దూరితే అది ఆయింట్‌మెంటుతో పోయేది కాదు, గంటల్లో ఆపరేషన్ చేయాల్సిన పని. అట్ట ముక్క పట్టుకుని వెతకండి.

పాలమూరు లారీ క్రేన్

నేను కాలువ పనుల్లో లారీ మీది క్రేన్ నడుపుతా. నాదో డౌటు. మా బండికి అవుట్‌రిగ్గర్లు (పక్క కాళ్లు) దించి, నేల గట్టిగా ఉంటే లోడ్ చార్టు (ఎంత దూరంలో ఎంత బరువో చెప్పే పట్టిక) ప్రకారం ఎత్తేస్తాం. మీరు నీళ్ల మీద ఎత్తుతుంటే పంటు ఒరగదా? ఒరిగితే చార్టు ఎట్లా పనికొస్తది?

మిర్యాలగూడ పాత డెక్ ఫిట్టర్

మంచి ప్రశ్న అడిగావు. నిజానికి నాకు బూమ్ దిగడం కన్నా ఇదే ఎక్కువ భయం.

క్రేన్ మీద అతికించిన చార్టు ఆ పెద్ద ఓడ మీద ఉన్నప్పటిది. ఆ ఓడకు మూడు టన్నులు లెక్కలోకి రావు. మీ పంటు ఎంత వెడల్పు ఉంటుంది, ఆరు మీటర్లా? ఒకవైపు 5 డిగ్రీలు ఒరిగితే ఈ అంచుకూ ఆ అంచుకూ నీటి మట్టంలో 52 సెంటీమీటర్ల తేడా వస్తుంది. బూమ్ కొస డెక్ నుంచి 8 మీటర్ల ఎత్తులో ఉంటే, అది ఆ ఒరిగిన వైపుకే దాదాపు 70 సెంటీమీటర్లు జరుగుతుంది. నువ్వు అయిదు మీటర్ల దూరంలో ఎత్తానని అనుకుంటావు, క్రేన్‌కు మాత్రం 5.7 మీటర్లు. దూరం పెరిగింది కాబట్టి పంటు ఇంకా ఒరుగుతుంది. ఒరిగింది కాబట్టి దూరం ఇంకా పెరుగుతుంది. పైగా బూమ్‌ను పక్కకు తిప్పేటప్పుడు బరువు దాన్ని లాక్కుపోతుంది, తిప్పే బ్రేక్ దాన్ని ఆపలేకపోవచ్చు.

సామాన్యంగా 5 డిగ్రీలే హద్దుగా పెట్టుకుంటారు. నీ పంటు చిన్నది కాబట్టి నేనైతే అంతదాకా పోను. డెక్ మధ్యలో ఒక లెవెల్ గొట్టం కట్టు, రెండు అంచులకూ రంగుతో గీతలు గీయి. ఖాళీగా ఉన్నప్పుడు గీత ఎక్కడుంది, లోడ్‌తో ఎక్కడికి పోయింది, ఒక పుస్తకంలో రాసుకో.

ఇక ఆ కాంక్రీటు దిమ్మెల సంగతి. నీళ్లలో ఉన్న టన్ను దిమ్మె క్రేన్‌కు సుమారు 580 కిలోలే అనిపిస్తుంది. పైకి తేలికగా వచ్చేస్తోంది కదా అని ఊపు మీద లాగుతావు. నీళ్లు దాటగానే పూర్తి టన్ను పడుతుంది. దానికి ముందు ఒండ్రులో కూరుకుపోయి ఉంటే బురద దాన్ని కిందికి పట్టుకుంటుంది, ఆ పట్టు దిమ్మె బరువు కన్నా ఎక్కువ కూడా ఉండొచ్చు. అలాంటప్పుడు లీవర్‌తో గుంజకు. కొంచెం లాగి, ఆ బిగువులోనే ఆగు. బురద దానంతటదే వదులుతుంది. వదలకపోతే పంపుతో అడుగున నీళ్లు కొట్టించు. ఒక్కసారిగా ఊడితే పంటు అటు నుంచి ఇటు ఊగుతుంది, మనుషులు నీళ్లలో పడేది అప్పుడే. లైఫ్ జాకెట్లు మూలన వేలాడుతున్నాయా, ఒంటి మీద ఉన్నాయా?

సాగర్ పంటు డ్రైవర్

లైఫ్ జాకెట్లు... రెండు ఉన్నాయి, మేము నలుగురం. సేటుతో మాట్లాడతా.

పాలమూరు లారీ క్రేన్

వైర్ రోప్ కూడా చూడు తమ్ముడూ. మా దగ్గర ఇన్‌స్పెక్షన్ సారు గుడ్డ పట్టుకుని తాడంతా తుడిచేవాడు, గుడ్డ ఎక్కడ పట్టుకుంటే అక్కడ తీగ తెగినట్టు.

మిర్యాలగూడ పాత డెక్ ఫిట్టర్

మేమూ అదే చేసేవాళ్లం. లెక్క ఏంటంటే, తాడు మందానికి పది రెట్ల పొడవులో మొత్తం తీగల్లో నూటికి 5 కన్నా ఎక్కువ తెగి కనబడితే తాడు పక్కన పడేయాలి. 16 మిల్లీమీటర్ల తాడైతే 160 మిల్లీమీటర్లలో చూస్తావు. 6×36 తాడుకు (ఆరు పాయలు, ఒక్కోదాంట్లో 36 తీగలు) 216 తీగలు, అంటే పది దాటితే మార్చడమే. డ్రమ్ము మీద ఎప్పుడూ విప్పని ఆఖరి చుట్లు కూడా చూడాలి, తుప్పు అక్కడే దాక్కుంటుంది.

ఓడల మీద ఏడాదికోసారి పూర్తి పరీక్ష, అయిదేళ్లకోసారి బరువుతో పరీక్ష. 1979 నాటి ఐఎల్ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) 152 ఒప్పందం నాటి నుంచీ నడుస్తున్న పద్ధతి ఇది. ఇప్పుడు 2026 జనవరి 1 నుంచి సోలాస్‌లో (ఓడల భద్రత మీది అంతర్జాతీయ ఒప్పందం) కూడా లిఫ్టింగ్ సామాను మీద కొత్త నియమం వచ్చింది. అవి సముద్రం మీద తిరిగే ఓడలకు. సాగర్ పంటును ఎవరూ వచ్చి అడగరు, అదే ప్రమాదం. ఓడ నుంచి పీకి ఇంకోచోట బిగించిన క్రేన్‌ను సర్టిఫికెట్ ఇచ్చే అర్హత ఉన్నవాళ్లతో మళ్లీ పరీక్ష చేయించాల్సిందే. 20 టన్నుల లోపు వాటికి పాతికశాతం అదనపు బరువుతో, అంటే నీ 3 టన్నులకు 3.75 టన్నులతో. నీ పంటు ఆ బరువు మోస్తుందో లేదో ముందే లెక్క వేయించాలి, ఊరికే ఎత్తి చూడకూడదు.

సాగర్ పంటు డ్రైవర్ (మూడు రోజుల తర్వాత)

పెద్దాయనా, దండం. వాల్వ్ విప్పాను. లోపల కూర్చునే కొనకూ దాని సీటుకూ మధ్య తెల్లటి దారప్పోగు లాంటిది, గోరంత పొడవు. టెఫ్లాన్ టేపు! హోస్ మార్చినప్పుడు లీకు రావద్దని నేనే చుట్టాను. డీజిల్‌తో కడిగి, గాలి కొట్టి, కొత్త ఓ-రింగులేసి పెట్టాను. ఆయిల్ మొత్తం తీసేసి, ఫిల్టర్ మార్చి, ఖాళీ హుక్‌తో అన్ని జాక్‌లూ చివరి నుంచి చివరికి పదిసార్లు ఆడించాను. ఆయిల్ ఇంకా కొంచెం మబ్బుగానే ఉంది. బూమ్ మాత్రం 500 కిలోలతో, డెక్‌కు అడుగు ఎత్తులో, నేను లీవర్ల దగ్గరే నిలబడి అరగంట చూశాను. కదల్లేదు.

మిర్యాలగూడ పాత డెక్ ఫిట్టర్

శభాష్. హైడ్రాలిక్‌లో టెఫ్లాన్ టేపు వద్దు, నీళ్ల కుళాయికి వాడుకో. జాయింట్ ఏ రకమో చూసి డౌటీ వాషర్ (రబ్బరు అంచు అతికించిన ఇనుప వాషర్) పెట్టు. జాక్‌లలో మిగిలిన పాత ఆయిల్ కొత్తదానితో కలిసింది, అందుకే మబ్బు. యాభై గంటలు నడిచాక ఆయిల్, ఫిల్టర్ రెండూ మళ్లీ మార్చు. మూతకు గాలి ఫిల్టర్ కొన్నావా?

సాగర్ పంటు డ్రైవర్

కొన్నాను, బిగించాను. ఇంకో సంగతి. అడుగంతా జిడ్డు తుడుస్తుంటే క్రేన్ తిరిగే రింగు బోల్టుల మీద పసుపు రంగు గీతలు కనబడ్డాయి. 24లో 22 గీతలు తిన్నగా ఉన్నాయి. బూమ్ ఎప్పుడూ వాలి ఉండే వైపు రెండింటికి మాత్రం బోల్టు మీది గీత ఒకచోట, కింద రింగు మీది గీత ఒకచోట ఉన్నాయి. పానాకు పైపు తొడిగి బిగించమంటారా?

మిర్యాలగూడ పాత డెక్ ఫిట్టర్

వద్దు! గీతలు కలవట్లేదంటే బోల్టు వదులైనట్టే. ఒకసారి వదులైన బోల్టు సాగి ఉండొచ్చు, బిగిస్తే బిగిసినట్టే ఉండి లోడ్ మీద తెగొచ్చు. ఆ రెండూ, వాటికి అటూ ఇటూ ఉన్నవీ తీసి, అదే గ్రేడు కొత్త బోల్టులు, టార్క్ రెంచితో, కంపెనీ చెప్పిన లెక్కకే. రింగులో ఎంత ఆట ఉందో డయల్ గేజీతో కొలవాలి. ఇది నువ్వు, నేను చేసేది కాదు, అర్హత ఉన్న మనిషిని పిలిపించమను. అప్పటిదాకా బూమ్ ఆనుడు మీదే ఉండాలి, హుక్‌కు ఏమీ తగిలించొద్దు.

సాగర్ పంటు డ్రైవర్

సేటుకు ఫోన్ చేశా. కాసేపు తిట్టాడు, తర్వాత బోల్టు ఫొటోలు పంపమన్నాడు. రేపు హైదరాబాద్ నుంచి మనిషి వస్తున్నాడట. మోటార్లు నాలుగూ ఒడ్డునే ఉన్నాయి, టార్పాలిన్ కప్పాను.