జారు, జారుడు: రెండూ ఒకటేనా?

సంగీతం తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. గేమ్‌బాయ్ అనే చేతి వీడియో గేమ్ యంత్రం మీద పాట కట్టే ఎల్ఎస్‌డిజే అనే సాఫ్ట్‌వేర్ ఉంది, స్వీడన్ ప్రోగ్రామర్ యోహాన్ కొట్లిన్స్కీ రాసింది. మా తమ్ముడికి నేర్పుదామని తెలుగులో నోట్స్ రాస్తున్నా. అందులో స్వరం పక్కన ఒక అక్షరం, రెండంకెలు పెడితే స్వరం నడక మారిపోతుంది. ఎల్ అంటే స్లైడ్, పి అంటే పిచ్ బెండ్. నేను రెంటికీ "జారు" అనే రాశాను. వాడు ఎల్ పెట్టాల్సిన చోట పి పెట్టాడు. బేస్ "స" నుంచి "మ"కి జారాల్సింది పోయి, తిన్నగా "మ" మీదే మొదలై, అక్కడా ఆగక పైపైకి పోయి కుక్కర్ విజిల్ అయింది. తప్పు వాడిదా, నా మాటదా?

— మాటదేనండీ. జారుకి చేరే చోటుండాలి. వీణ మీద తీగ మీటి, వేలు ఎత్తకుండా జరిపి, అనుకున్న మెట్టు దగ్గర ఆపితే అది జారు. సుబ్బరామ దీక్షితులు గారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో తెలుగులోనే అచ్చయింది. అందులో స్వరాలకు గమకాల (స్వరాన్ని జార్చడం, ఊపడం లాంటివి) గుర్తులు పెట్టారు, జారుకి ఏటవాలు గీత. మీ ఎల్ చేసే పని అదే. పి అది కాదు.

— మరి పికి "జారుడు" అందామా? జారుడుబల్ల ఉందిగా.

— బల్లకి అడుగున నేలుంటుందండీ! పికి అదీ లేదు, ఆపేదాకా పోతూనే ఉంటుంది. "దిగజారు" నయం. దానికీ చేరే చోటు లేదు, మనుషుల విషయంలోనూ అంతే.

— కిందికి సరే, పైకి పోతే?

— అడిగినవాణ్నే. కిందికి పోయే పితోనే కిక్ డ్రమ్ చేస్తారు. స్వరం మోగీ మోగగానే చేంతాడు తెగిన బొక్కెనలా పడిపోతుంది, వెంటనే కె (స్వరాన్ని ఆపేసే అక్షరం) పెట్టి నోరు మూయిస్తాం. "ధబ్" అని వినిపించేది ఆ పడటమే. ఇంకోటి, వి అంటే వైబ్రాటో, స్వరాన్ని ఊపడం. వి42లో 4 వేగం, 2 లోతు. దీన్ని మన గమకాల్లోని కంపితం అనొచ్చా?

— పిల్లాడికి చెప్పడానికైతే అనండి. కానీ తోడి రాగంలో గాంధారం వి42తో రాదు. యంత్రం ఒకే కొలతలో ఊపుతుంది. మన కంపితం ఏ స్వరం దాకా ఊగాలో, ఎక్కడ నిలవాలో రాగం చెబుతుంది.

— ఎల్ఎస్‌డిజేలో టేబుల్ అని ఉంది, దాంతో కొంత దగ్గరికి రావచ్చు. 16 వరుసలు, ఒక్కోదాంట్లో ఎన్ని అర్ధస్వరాలు పైకో కిందికో రాసుకోవచ్చు. ఉత్త అంకెలతో అయితే మెట్లు దూకినట్టే ఉంటుంది, మధ్య దారి వినపడదు.

— అదే చెప్తున్నా, దారే గమకం!

— సి47 చూశారా? సి అంటే కార్డ్ (chord), ఒకేసారి మోగే స్వరాల గుంపు. ఛానెల్‌కి ఒక్క స్వరమే పలుకుతుంది కనక మూడింటిని గబగబా తిప్పుతూ కార్డ్‌లా భ్రమింపజేస్తుంది. "స" మీద పెడితే స, అంతర గాంధారం, పంచమం. సి37 అయితే సాధారణ గాంధారం. దీనికి మాట వెతక్కండి, కార్డ్ అనే ఉంచండి.

— అడిగినవాణ్నే. నోట్స్ మార్చేశా. ఎల్ జారు, వి కంపితం. పికి తమ్ముడి ఓటు "బొక్కెన"కే, పైకి పోయినా సరే బొక్కెనేనట. నాయిస్ ఛానెల్‌కి "రొద" అని పెట్టాను. దాని మీద గొడవ పడాలంటే ఇంకో పోస్టు పెడతా, ఆగండి.