తేట నీటిలో బెండు కదలికను పసిగట్టడం ఎలా?

ప్రశ్న: మిత్రులకు నమస్కారం. చలికాలంలో చెరువు నీరు అడుగు కనిపించేంత తేటగా ఉన్నప్పుడు, శీలావతి చేప ఎరను నోట పట్టి, బెండు (గాలపు దారానికి కట్టి నీటిపై తేలనిచ్చే ముక్క) మునగకముందే వదిలేస్తోంది. దయచేసి మార్గం తెలుపగలరు.

సమాధానం: అన్నగారూ, బెండు కొన బియ్యపు గింజంత మాత్రమే నీటిపైన నిలిచేలా, బరువు కోసం దారానికి బిగించే సీసపు గుండ్లు సరిచూడండి. అంతకు మించి తేలితే, దాన్ని ముంచడానికి చేప గట్టిగా లాగవలసి వస్తుంది. ఆ బరువు తగలగానే ఎరను ఉమ్మేస్తుంది. దారం కూడా సన్ననిదే వాడండి.

మరో సమాధానం: ఇది నిజమే. అయితే నాకు అంతకంటే ముఖ్యమనిపించేది చివరి గుండు. దాన్ని కొక్కేనికి జానెడు లోపే బిగించి, అడుగున ఆనేలా లోతు పెడితే, చేప ఎరతోపాటు గుండునూ ఎత్తినప్పుడు బెండు మునగకుండా పైకి లేస్తుంది. వెంటనే గాలం లాగాలి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. గాలి వీస్తున్నప్పుడో?

సమాధానం: గాలపు కర్ర కొనను నీటిలో ముంచి, దారమంతా మునిగేలా చేయండి. పైన తేలే దారమే బెండును లాగి తప్పుడు కదలికలు చూపిస్తుంది.