ఆడ ఎలకల్లో స్ట్రెస్ హార్మోన్ అంత ఎక్కువేటండి?

వైజాగ్‌లో ఎమ్మెస్సీ జువాలజీ చేస్తున్నా. అరగంట ట్యూబులో బిగించి రక్తం తీస్తే ఆడ ఎలకల్లో కార్టికోస్టెరోన్ (ఆ స్ట్రెస్ హార్మోనే) మగవాటికంటే బాగా ఎక్కువొస్తోంది, కానీ భయం కొలిచే ప్లస్ మేజ్‌లో వదిలితే అవే గోడల్లేని ఓపెన్ ఆర్మ్‌లోకి వెళ్ళిపోతున్నాయి, తప్పు చేశానేమో అని రెండ్రోజుల్నించి నిద్ర లేదు.

జవాబు 1: కంగారు పడకమ్మా, ఈస్ట్రోజెన్ (ఆడ హార్మోన్) ఆ కార్టికోస్టెరోన్‌ని పెంచుతుంది, పైగా రక్తంలో దాన్ని పట్టుకునే ప్రోటీన్ కూడా ఆడవాటిలోనే ఎక్కువ. వాటి ఈస్ట్రస్ సైకిల్ (ఆడ హార్మోన్లు మారే చక్రం) 4-5 రోజులే, ఏ దశో తెలియడానికి రోజూ యోని స్మియర్ (కణాల నమూనా) తీస్తున్నావా? స్లైడ్ మీద న్యూక్లియస్ ఉన్న గుండ్రటి కణాలు గుంపులుగా కనిపిస్తే ప్రోఎస్ట్రస్, అంటే ఈస్ట్రోజెన్ బాగా పెరిగే దశ.

జవాబు 2: ఆడవి మామూలుగానే ఎక్కువ తిరుగుతాయండి, దాన్ని ధైర్యం అనేయకండి. భయపెడితే కొన్ని ఆడ ఎలకలు బిగుసుకుపోకుండా చటుక్కున పరిగెడతాయి, ఫ్రీజింగ్ ఒక్కటే కొలిస్తే భయమే లేదనుకుంటాం. ఏళ్ళ తరబడి మగ ఎలకల మీదే చేసేశారు, నాకైతే బాధేస్తుంది.

అడిగినమ్మాయి: స్మియర్ తియ్యలేదండి. రక్తం మగవాటికి పొద్దున, ఆడవాటికి సాయంత్రం తీశా...

జవాబు 1: అయ్యో, ఎలకలకి సాయంత్రానికి ఆ హార్మోన్ దానంతటదే పెరుగుద్దమ్మా! అందరికీ ఒకే టైంకి మళ్ళీ తియ్యి.