టొటొరో తరువాత పిల్లలకు ఏ సినిమా చూపించాలి?

మా పాపకు ఆరేళ్లు, బాబుకు తొమ్మిది. పోయిన ఆదివారం జపాన్ దర్శకుడు హయావో మియాజాకి 1988లో తీసిన యానిమేషన్ చిత్రం ‘మై నైబర్ టొటొరో’ ఇంటిల్లిపాదీ చూశాం. అందులో దుష్టపాత్ర లేదు, యుద్ధం లేదు. తల్లి ఆసుపత్రిలో ఉంటే అక్కాచెల్లెళ్లిద్దరూ పల్లెటూరి పాత ఇంట్లో ఎదురుచూస్తుంటారు, అంతే. వానలో బస్సు స్టాపు దగ్గర టొటొరో అనే ఆ భారీ అడవి జీవి గొడుగు పట్టుకుని నిలబడినప్పుడు మా అత్తగారు కూడా పని ఆపి వచ్చి కూర్చున్నారు. చెల్లి తప్పిపోయిన ఘట్టంలో మాత్రం పాప నా కొంగు వదలలేదు.

ఇప్పుడు మియాజాకిదే ‘స్పిరిటెడ్ అవే’ చూపిద్దామా అని ఆలోచిస్తున్నాను. ఆస్కార్ అందుకున్న గొప్ప చిత్రమే. కానీ మొదట్లోనే అమ్మానాన్నలు పందులుగా మారిపోతారు. ఆరేళ్ల పిల్ల తట్టుకుంటుందా? లేక ముందు ఆయనవే ‘పోన్యో’, ‘కికీస్ డెలివరీ సర్వీస్’ చూపించి ఒక ఏడాది ఆగడం మంచిదా?

ఇంకొక సంగతి. పాపకు ఉపశీర్షికలు చదవడం రాదు. నేనే పక్కన కూర్చుని తెలుగులో చెబుతున్నాను. ఆ సినిమాల్లో మాటలు లేని క్షణాలే ఎంతో అందం, నా గొంతుతో వాటిని చెడగొడుతున్నానేమోనని బెంగగా ఉంది. మీ ఇళ్లలో ఎలా చూపిస్తున్నారో దయచేసి చెప్పండి.